గుండెలో రేణువులు: ఒక రక్తపరీక్ష పుట్టుక

"కాళ్ళకి నీరు పట్టింది", "వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదంటున్నాడు" - హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాట మన ఇళ్ళలోకి రాకముందు నుంచీ ఈ మాటలున్నాయి. పైగా ఆ ఇంగ్లీషు మాట మనల్ని కాస్త తప్పుదారి పట్టిస్తుంది. ఫెయిలయిందంటే ఆగిపోయిందనుకుంటాం, గుండెపోటుకీ దీనికీ తేడా లేనట్టు మాట్లాడేస్తుంటాం. నిజానికిక్కడ గుండె ఆగదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోతుంది, లేదా తోడటానికి తన గదుల్లో ఒత్తిడి విపరీతంగా పెరగనివ్వాల్సొస్తుంది. ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు చేరేది అందుకే.

వైద్యులు కూడా చాలాకాలం ఈ జబ్బుని ఇంటివాళ్ళు పోల్చుకున్నట్టే పోల్చుకున్నారు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచీ ఊరిజనాన్ని తరాల తరబడి పరిశీలిస్తున్న పరిశోధకులు 1971లో హార్ట్ ఫెయిల్యూర్‌ని నిర్ధారించే లక్షణాల జాబితా ఒకటి అచ్చువేశారు. ఉబ్బిన మెడ సిరలు, ఊపిరితిత్తుల్లో చెమ్మ చప్పుడు, అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చోవడం, చీలమండల వాపు - అందులో ఎక్కువ భాగం జబ్బు ముదిరి నీరు చేరాక కనిపించేవే. అంతకన్నా ముందే, ఇంకా ఏ బాధా లేనప్పుడే, చిన్న సీసాడు రక్తం చూసి ఏమన్నా చెప్పగలమా అన్న ప్రశ్న అప్పటికి లేదు. ఉండే వీలూ లేదు. ఎందుకంటే గుండె రక్తాన్ని తోడుతుందని తెలుసు గానీ, రక్తంలోకి ఏదైనా వదులుతుందని ఎవరూ అనుకోలేదు. 1628లో హార్వీ పుస్తకం వచ్చినప్పటి నుంచీ గుండె అంటే పంపు. అంతే.

1956లో రెండు సంగతులు బయటపడ్డాయి. నాజీల కాలంలో జర్మనీ వదిలి న్యూయార్క్ చేరిన బ్రూనో కిష్ అనే వైద్యుడు గినీ పందుల గుండెని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే, కర్ణికల కండరకణాల్లో చిన్న చిన్న ముదురు రేణువులు కనిపించాయి. అదే ఏడాది హెన్రీ, గావర్, వాళ్ళ సహచరులు కుక్కల ఎడమ కర్ణికలో చిన్న బెలూను పెట్టి ఉబ్బిస్తే, వాటికి మూత్రం ఎక్కువగా వచ్చింది. ఈ రెండూ ఒకే కథలో రెండు ముక్కలని అప్పుడెవరికీ తట్టలేదు. బెలూను సంగతిని నరాల ద్వారా మెదడుకి అందే కబురుగా అర్థం చేసుకున్నారు. రేణువుల సంగతి శరీర నిర్మాణం చదివేవాళ్ళ వింతగా మిగిలిపోయింది. 1964లో జేమీసన్, పలాడే అవే రేణువుల్ని ఇంకా వివరంగా వర్ణించారు. హార్మోన్లు దాచుకునే గ్రంథుల్లోని రేణువుల్లాగే ఉన్నాయవి. పోలికైతే దొరికింది గానీ, పని ఏమిటో తెలియలేదు.

తెలిసిందల్లా అడాల్ఫో డి బోల్డ్ వల్ల. అర్జెంటీనాలో పుట్టి, కెనడాలోని కింగ్‌స్టన్‌లో క్వీన్స్ యూనివర్సిటీకి వచ్చిన ఈయన సంవత్సరాల తరబడి ఆ రేణువుల వెంటే పడ్డాడు. ఎలుకల ఒంట్లో నీరు, ఉప్పుల పాళ్ళు మార్చితే కర్ణికల్లో రేణువుల సంఖ్య మారుతోందని ముందు గమనించాడు. తర్వాత చేసిన ప్రయోగం వింటే ఇంతేనా అనిపిస్తుంది: ఎలుక కర్ణికల్ని నూరి, ఆ సారాన్ని ఇంకో ఎలుక రక్తంలోకి ఎక్కించడం. కాసేపట్లోనే మూత్రం పది రెట్లు, అందులో పోయే సోడియం ముప్ఫై రెట్లకి పైగా పెరిగాయి. జఠరికల్ని నూరి ఎక్కిస్తే ఏమీ జరగలేదు. 1981లో ఆ పత్రం వచ్చింది. గుండె ఒక వినాళ గ్రంథి కూడానని తేలింది. గదులు సాగితే అది కిడ్నీలకి కబురు పంపుతుంది: ఉప్పూ నీరూ బయటికి పంపండి, నా మీద బరువు తగ్గించండి అని.

ఆ తర్వాతి మలుపు జపాన్‌లో. సుడో, కంగావా, మత్సువోల బృందం 1988లో పందుల మెదడు నుంచి ఇలాంటిదే ఇంకో పదార్థాన్ని వేరుచేసింది. మెదడులో దొరికింది కాబట్టి "బ్రెయిన్ నేట్రియూరెటిక్ పెప్టైడ్", బీఎన్‌పీ అని పేరు పెట్టారు. కొద్ది సంవత్సరాల్లోనే క్యోటో పరిశోధకులు మనుషుల్లో దాని అసలు పుట్టిల్లు గుండె జఠరికలని చూపించారు. పేరు మాత్రం మారలేదు! డి బోల్డ్ ప్రయోగంలో మౌనంగా ఉండిపోయిన జఠరికలివే. ఆరోగ్యంగా ఉన్న జఠరిక కర్ణికలా రేణువులు నింపిపెట్టుకోదు. గోడల మీద ఒత్తిడి పడినప్పుడు జన్యువుని మేల్కొలిపి అప్పటికప్పుడు తయారుచేస్తుంది. రక్తపరీక్షకి కావలసింది సరిగ్గా ఇలాంటి పదార్థమే.

అమెరికాలో 2000లో ఈ పరీక్షకి అనుమతి వచ్చింది. రెండేళ్ళకి, ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన 1,586 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. ఊపిరి సరిగ్గా ఆడటంలేదు అనే అర్థం వచ్చేలా, పొడి అక్షరాలు బీఎన్‌పీ అయ్యేలా దానికో పేరు కూడా కుదిర్చారు. డాక్టర్లకి ఇలాంటి సరదాలు ఎక్కువే. మిల్లీలీటరుకి 100 పికోగ్రాముల గీత పెట్టుకుంటే, ఆయాసం గుండె వల్లా కాదా అన్నది నూటికి 83 సార్లు సరిగ్గా చెప్పగలిగారు.

ఇదంతా జబ్బు వచ్చినవాళ్ళ సంగతి. 2004లో ఫ్రామింగ్‌హామ్ బృందం హార్ట్ ఫెయిల్యూర్ లేని 3,346 మంది రక్తాన్ని చూసి, సగటున అయిదేళ్ళకి పైగా వాళ్ళని గమనించింది. బీఎన్‌పీ పైనుంచి అయిదో వంతులో ఉన్నవాళ్ళకి, అంటే దాదాపు 20 దాటినవాళ్ళకి, హార్ట్ ఫెయిల్యూర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే సుమారు మూడు రెట్లు. వయసు, రక్తపోటు, మధుమేహం లెక్కలో తీసేశాక కూడా. ఎమర్జెన్సీ వాళ్ళు పట్టించుకునే గీత 100, ఇక్కడ ముప్పు మొదలయ్యేది 20 దగ్గర! లాబ్ రిపోర్టులో "నార్మల్" అని అచ్చయ్యే అంకె కూడా ఎంతో కొంత చెబుతోందన్నమాట.

అయితే మూడు రెట్లు అన్న మాటకి బెదిరిపోనక్కర్లేదు. కొద్దిపాటి ముప్పుకి మూడు రెట్లంటే అదీ కొద్దిపాటిదే కావచ్చు. రెండేళ్ళ తర్వాత అదే బృందం బీఎన్‌పీతో కలిపి పది రక్తసూచికల్ని ఒకేసారి పరీక్షించింది. ఒక్కో మనిషి ముప్పుని అంచనా కట్టడంలో, పాత పద్ధతులకి అవి కలిపింది కొంచెమేనని నిజాయితీగా రాసింది. నా మటుకు 2004 పత్రం కన్నా ఈ 2006 పత్రమే ఎక్కువమంది చదవాల్సింది. గుంపు గురించి గట్టిగా చెప్పే అంకె, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి అంత గట్టిగా చెప్పలేదు.

అంకెకి ఇంకా చిక్కులున్నాయి. వయసు పెరిగితే, కిడ్నీలు మందగిస్తే అది పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్ళలో తక్కువగా ఉంటుంది. దీన్ని చూపినవాళ్ళలో ఫ్రామింగ్‌హామ్ బృందమూ ఉంది. కాబట్టి పొట్టా, బరువూ, షుగరూ ఉన్న మనిషికి చిన్న అంకె వచ్చిందని ధీమాగా ఉండటానికి లేదు. పైగా ఫ్రామింగ్‌హామ్ జనం దాదాపు అందరూ తెల్లవాళ్ళు. అక్కడి 20ని తెచ్చి గుంటూరులోనో కరీంనగర్‌లోనో అలాగే అతికించలేం.

మరి ముందే తెలిస్తే ఏం చెయ్యాలి? దీనికి ఐర్లండ్‌లో ఒక బృందం జవాబు వెతికింది. నలభై దాటి, బీపీ, షుగర్ వంటివి ఉన్న 1,374 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ పరీక్ష చేశారు గానీ, ఒక గుంపు ఫలితాల్ని వాళ్ళ డాక్టర్లకి చెప్పలేదు. రెండో గుంపులో 50 దాటినవాళ్ళకి గుండె స్కానింగ్ చేసి, నిపుణులతో కలిసి మందుల్ని సరిచేశారు. 2013లో వచ్చిన ఫలితం: మొదటి గుంపులో 8.7 శాతం మందికి, రెండో గుంపులో 5.3 శాతం మందికి గుండె పనితీరులో లోపమో, హార్ట్ ఫెయిల్యూరో వచ్చింది. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం స్కానింగ్‌లోనే కనబడే లోపాలది. కొత్త మందేమీ లేదు. రక్తపోటుకి అప్పటికే ఉన్నవాటినే శ్రద్ధగా వాడారు.

2022లో అమెరికన్ వైద్యసంఘాలు హార్ట్ ఫెయిల్యూర్ దశల్ని సవరించి, రెండో దశని "ప్రీ-హార్ట్ ఫెయిల్యూర్" అన్నాయి. బీపీ, షుగర్ లాంటివి ఉండి, ఏ బాధా లేకపోయినా రక్తంలో ఈ సూచికలు పెరిగితే చాలు, వేరే కారణమేదీ కనబడకపోతే, ఆ దశలో చేరినట్టే. కాళ్ళకి నీరు లేదు, ఆయాసం లేదు, హాయిగా మేడమెట్లు ఎక్కగలరు. ఇలాంటి స్థితికి తెలుగులో ఇంకా పేరు లేదు.