పింఛను కాగితం బయల్దేరే ఊరు

రాజస్థాన్‌లోనో కేరళలోనో ఒక మాజీ హవల్దారు కన్నుమూస్తాడు. ఆయన భార్యకు కుటుంబ పింఛను మొదలు కావాలంటే సర్వీసు రికార్డు కావాలి. ఆయన ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్‌లోనో, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ కోర్‌లోనో పనిచేసి ఉంటే ఆ రికార్డు ఉండేది సికింద్రాబాద్‌లోనే. రెండు కోర్‌ల రికార్డ్స్ ఆఫీసులూ ఇక్కడే ఉన్నాయి. ఈ కంటోన్మెంట్ ఎన్నడూ చూడని కుటుంబాల పొయ్యి కూడా ఇక్కడి దస్త్రాల మీద ఆధారపడి వెలుగుతోంది.

ఈ ఊరు పుట్టిందే దండుగా. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కాస్త దూరంలోని బొల్లారంలో నిజాం సొమ్ముతో, బ్రిటిష్ అధికారుల కింద మరో సేన పెరిగింది. అదే హైదరాబాద్ కంటింజెంట్. 1903లో అది బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా, 1945లో కుమావోన్ రెజిమెంట్‌గా పేరు మారింది. 1947 నవంబరులో బడ్గామ్‌లో ప్రాణాలిచ్చి, దేశంలో మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లోనే.

ఆనాటి ప్రభువులకు పింఛను అంటే దయ కాదు, అవసరం. ముసలి సిపాయి పస్తులుండటం కళ్లారా చూసిన ఊళ్లో కుర్రాళ్లు పటాలంలో చేరరు. అయినా 1770లో కంపెనీ సేనాని క్లైవ్ పేరిట నిధి ఏర్పడినప్పుడు దాని మొదటి చూపు కంపెనీ యూరోపియన్ సైనికుల మీదే. మొదటి ప్రపంచ యుద్ధానికి 13 లక్షల మందికి పైగా భారతీయులు వెళ్లారు. నిజాం పంపిన అశ్వికదళం హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తు. యుద్ధం ముగిశాక, 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డు దాని వారసురాలే.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. నిజాం సేనలు రద్దయ్యాయి. తుపాకీ తప్ప వేరే పని తెలియనివాళ్లు వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చినవాళ్లూ ఉన్నారు. మాజీ సైనికుల పునరావాసం కోసమంటూ నగరానికి ఈశాన్యాన, జవహర్‌నగర్ ప్రాంతంలో వేల ఎకరాలు సేకరించారు. ఇవాళ జవహర్‌నగర్ అంటే జనానికి గుర్తొచ్చేది డంపింగ్ యార్డు. ఆ భూమి ఎవరి కోసం సేకరించారో నగరం మరిచిపోవడం బాధాకరం. దానికి దగ్గర్లోని సైనిక్‌పురి మాత్రం పేరు నిలబెట్టుకుంది. రిటైరైన సైనికులు స్థలాలు తీసుకుని, ఇళ్లు కట్టుకుని, చెట్లు పెంచిన కాలనీ అది.

స్వతంత్ర భారతం మొదట్లోనే ప్రజల చేయూత కూడా కోరింది. అంతకుముందు నవంబరు 11న పాపీ పూలు అమ్మి యుద్ధ బాధితులకు విరాళాలు పోగుచేసేవారు. 1949 నుంచి డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవమైంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా చొక్కాకు గుచ్చుకుని హుండీలో వేసే నాణేలు అమరుల కుటుంబాలకు, గాయపడిన జవాన్లకు, మాజీ సైనికులకు చేరతాయి.

నాణేలు చాలవు. జవాను సాధారణంగా నలభై ఏళ్లకు అటూ ఇటూగానే ఇంటికి వస్తాడు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ముందే ఉంటాయి. ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో దిగిపోయినవారికి ఏ సంవత్సరంలో రిటైరైనా ఒకే పింఛను ఇవ్వాలని మాజీ సైనికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షలకు కూర్చున్నారు. అదే ఏడాది ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ ఉత్తర్వులు 2014 జూలై 1 నుంచి వర్తించేలా వెలువడ్డాయి. మాజీ సైనికుల వైద్యం కోసం 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్ఎస్ పథకం మొదలైంది. దాని పాలీక్లినిక్‌లు రాకముందు పింఛనుదారుడికి మిలిటరీ ఆసుపత్రే పెద్ద దిక్కు.

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక్ స్మారక్ దగ్గర ఏటా పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. 1953లో ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేసిన జనవరి 14ను 2016 నుంచి మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతున్నారు. గౌరవ వందనం అవసరమే. అయితే మాజీ సైనికుల ర్యాలీల్లో అంతకన్నా విలువైన పని జరిగేది సహాయ కేంద్రాల బల్లల దగ్గర. ఆధార్‌లో ఒక పేరు, సర్వీసు రికార్డులో మరో పేరు, పుట్టిన తేదీలో తేడా. ఆ ఒక్క తేడా వల్లే వీర్ నారీలు (అమరులైన సైనికుల భార్యలు), ఇతర వితంతువులు నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. జవాను బతికుండగానే భార్య వివరాలు రికార్డుతో సరిపోయాయో లేదో చూసుకుంటే ఆ తిరుగుడు చాలావరకు తప్పుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. ఆ కబురును ఊళ్లలోని పింఛనుదారుల ఇళ్లకు చేర్చే పని పంచాయతీలు, బ్యాంకులు కూడా తీసుకోవాలి.