తప్పు నీళ్ళదా, గిన్నెదా?

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాలని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు. కళాయి లేకపోతే పులుపుకి లోహం కరిగి పులుసులోకి దిగుతుంది. ఊరగాయని జాడీలో పెట్టడమూ అందుకే. పాత్ర తన వంతు ఎంతో కొంత కలుపుతుందని వంటింట్లో అందరికీ తెలుసు. కానీ మంచినీళ్ళ దగ్గర, అందులోనూ గాజు పాత్ర దగ్గర, ఆ సంగతి మనకి గుర్తుకే రాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులకీ గుర్తు రాలేదు.

నీళ్ళు మట్టిగా మారతాయని యూరప్‌లో చాలాకాలం నమ్మారు. అందుకు రెండు రుజువులు చూపించేవారు. వాన్ హెల్మాంట్ అనే ఆయన ఐదేళ్ళపాటు ఒక విల్లో మొక్కకి నీళ్ళు మాత్రమే పోసి పెంచాడు. ఐదు పౌన్ల మొక్క 169 పౌన్ల చెట్టయింది, తొట్టిలో మట్టి మాత్రం దాదాపు తగ్గలేదు. గాలి నుంచి కూడా చెట్టు ఆహారం తీసుకుంటుందని అప్పటికి తెలియదు. రెండో రుజువు ఇంకా గట్టిది. ఆవిరి పట్టి శుద్ధి చేసిన నీళ్ళనైనా గాజు పాత్రలో చాలాసేపు కాస్తే మట్టిలాంటి పదార్థం మిగిలేది. కళ్ళెదుట కనిపిస్తుంటే కాదనేదెవరు?

కాదన్నవాడు పారిస్‌లో ఉన్న లావోయిజే. 1768లో ఆయనకి పాతికేళ్ళు. వాన నీళ్ళని మళ్ళీ మళ్ళీ ఆవిరి పట్టి శుద్ధి చేశాడు. వాటిని పెలికన్ అనే గాజు పాత్రలో పోసి మూతి మూసేశాడు. ఆ పాత్ర పైభాగం నుంచి రెండు గొట్టాలు వంగి మళ్ళీ పొట్టలోకే వస్తాయి. లేచిన ఆవిరి చల్లబడి తిరిగి లోపలికే జారుతుంది, చుక్క బయటికి పోదు. మొదలుపెట్టే ముందు ఖాళీ పాత్రనీ, నీళ్ళనీ విడివిడిగా తూచిపెట్టుకున్నాడు. తర్వాత 101 రోజులు సన్నని సెగ మీద ఉంచాడు.

అనుకున్నట్టే నీళ్ళలో పొరల్లాంటివి తేలాయి. మొత్తం తూస్తే బరువు మారలేదు, అంటే బయటినుంచి ఏదీ చేరలేదు. తర్వాత ఖాళీ పాత్రని తూచాడు. దాని బరువు సుమారు 17 గ్రెయిన్లు తగ్గింది. మన లెక్కలో గ్రాము కంటే కాస్త తక్కువ. నీళ్ళలో దొరికిన పదార్థం సుమారు 20 గ్రెయిన్లు. ఆ తేడా చిన్నదే. నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి, కరిగింది గాజు! స్వీడన్‌లో షీలే వేరే దారిలో పరీక్షించి, ఆ పదార్థం గాజులో ఉండేదేనని తేల్చాడు.

దీంతో గాజు సీసాలు చూసి భయపడకండి. అన్ని రోజులు కాచినా కరిగింది గ్రాముకి లోపే. 1880ల్లో జర్మనీలో ఓటో షాట్ బోరాన్ కలిపి ఇంకా తక్కువ కరిగే గాజు తయారుచేశాడు. ఇప్పుడు ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నెల్లో చాలా ఆ జాతివే.

నాకు నచ్చింది ఆయన పద్ధతి. అందరూ నీళ్ళకేసి చూస్తుంటే ఆయన గిన్నెని కూడా తూచాడు. రాగి బిందెలో నిమ్మరసం కలిపిన నీళ్ళు ఉంచకూడదనడంలో ఉన్నదీ ఆ ఇంగితమే. ఈసారి సీసాలో నీళ్ళు వాసనొస్తే వెంటనే ట్యాంకుని తిట్టకండి. అవే నీళ్ళు శుభ్రమైన స్టీలు గ్లాసులో పట్టి, కాసేపు పక్కన పెట్టి చూడండి. అందులో వాసన లేకపోతే మార్చాల్సింది సీసానే.