అంతర్జాతీయం: మధ్యా, లోపలా

‘ఇంటర్నేషనల్’ అన్న ఇంగ్లీషు మాటను కట్టినవాడు జెరెమీ బెంథామ్. రాజ్యాల మధ్య నడిచే చట్టానికి తగిన పేరు లేదని 1789లో వెలువడిన గ్రంథంలో దాన్ని కొత్తగా ప్రయోగించాడు. 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు తొలి ఆచార్య పీఠం ఏర్పడ్డాక అది ఒక చదువుకే పేరైంది. హిందీ దాన్ని ‘రాష్ట్ర’ శబ్దంతో చెప్పుకుంది. తెలుగుకు ఆ దారి కుదరదు; మనకు అంతర్రాష్ట్రమంటే ఒడిశాతో వంశధార జలాల తగవు, లారీ పర్మిట్. జాతి శబ్దమే అక్కరకొచ్చింది.

జాతి అంటే పుట్టుక, తెగ కూడా. ఈ శాస్త్రం చూసేది రాజ్యాలను కదా, పేరు వదులుగా లేదా అనవచ్చు. ఆక్షేపణ బలమైనదే. కానీ విశాఖను చూస్తే ఆ వెడల్పే మేలనిపిస్తుంది. 1933లో తెరుచుకున్న ఈ రేవు మీదుగా బస్తర్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం జపాన్ కొలుములకు వెళ్లింది. ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో లేచింది. దాని కొలుములకు కావలసిన కోకింగ్ కోల్ ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. ఒప్పందాల మీద సంతకాలు రాజ్యాలవి. గనుల పక్కన బతికే గోండులు, కర్మాగారానికి భూములిచ్చిన పల్లెలవాళ్లు ఆ కాగితాల్లో ఉండరు. రాజ్యమే కొలతైతే వాళ్లు పాఠంలోకీ రారు, అది నాకు పెద్ద లోటుగా తోస్తుంది. పైగా ‘అంతర్’ అంటే మధ్య అనే కాదు, లోపల అని కూడా: అంతర్యుద్ధం, అంతర్గతం. సముద్రం అవతల బొగ్గు ధర పెరిగితే ఆ భారం కర్మాగారం పక్కనున్న కూర్మన్నపాలెం ఇళ్ల లోపలికీ వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి ఈ శాస్త్రాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టి చెప్పవచ్చు.