సవాద్: నల్లనేల తెల్లబడిన వైనం

ఇరాఖ్ సేద్యం ఎందుకు నాశనమయిందని అడిగితే పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఒకే సమాధానం కనిపిస్తుంది. హి.శ. 656లో (క్రీ.శ. 1258) హులాగూ బగ్దాద్ మీద విరుచుకుపడ్డాడు, కాలువలు ధ్వంసమయ్యాయి, నాటి నుంచి ఆ దేశం ఎడారి అయింది. ఈ సమాధానం చాలా తేలికైనది. నేరమంతా ఒక పరాయివాని నెత్తిన వేసి ఊరుకోవచ్చు. కాని మంగోలు సేనలు బగ్దాద్ గోడలు చేరేనాటికి ఆ ప్రాంతంలోని అతి పెద్ద కాలువలో నీరు ఆగిపోయి సుమారు నూరేళ్లు గడిచిపోయింది. దాని కింద పండిన ఊళ్లు అప్పటికే పాటిదిబ్బలు. హులాగూ చేతిలో బగ్దాద్ ప్రజలు ఊచకోతకు గురయిన మాట నిజం, గ్రంథాలయాలు పోయిన మాటా నిజం. సవాద్ నేల మాత్రం అతని చేతిలో చావలేదు. అంతకు మూడు శతాబ్దాల ముందే అది జబ్బుపడింది. ఆ జబ్బుకు మూలాలు అబ్బాసీల వైభవ దినాలలోనే, ఆ వైభవం చుట్టూ పోగయిన జనసమ్మర్దంలోనే వెదకవలసి వుంటుంది.

సవాద్ అంటే అరబీలో నలుపు. ఎడారి దాటి వచ్చిన అరబ్బుల కంటికి దక్షిణ ఇరాఖ్ మైదానంలోని ఖర్జూర తోటలు, పైర్లు దూరం నుంచి నల్లగా కనిపించినందున ఆ పేరు వచ్చిందంటారు. పటాలలో టైగ్రిస్ అనే పేరుతో కనిపించే దజ్లా, యూఫ్రటీస్ అనే పేరుతో కనిపించే ఫురాత్ కలిసి మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల అది. అక్కడి వానలు సేద్యానికి చాలవు. కాలువ వుంటేనే పంట. పైగా నదులకు పెద్ద వరద వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, అంటే గోధుమ, బార్లీ కోతకు వచ్చే వేళ. విత్తనం చల్లే రోజుల్లో నదులు సన్నబడి పారుతాయి. అక్కరకు రాని నీరు ముంచుతుంది, అక్కరైన నీరు అందదు. ఈ రెంటినీ సరిదిద్దడానికే వేల ఏళ్లుగా అక్కడ కట్టలు, తూములు, కాలువలు కడుతూ వచ్చారు.

ఆ నీటితో మరొక చిక్కు వున్నది. కొండల నుంచి దిగే నీరు కంటికి కనిపించని లవణాలను వెంట తెస్తుంది. మైదానం దాదాపు బల్లపరుపు కాబట్టి పొలానికి పెట్టిన నీరు బయటికి పోదు. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. విరామం లేకుండా నీరు పెడుతూ పోతే భూగర్భజలం పైకి వస్తుంది. దీపపు ఒత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి పీల్చి ఉప్పును నేలమీద తెల్లగా పరుస్తుంది. తెలుగు రైతు దీనినే చౌడు తేలడం అంటాడు.

ఇరాఖ్ రైతు ఈ జబ్బుకు కనిపెట్టిన మందు విశ్రాంతి. ఒక ఏడు పండించి మరుసటి ఏడు ఆ చెక్కను బీడుగా వదిలేవాడు. ఆ బీడులో షౌక్, ఆఖూల్ అనే ముళ్లకంపలు మొలిచేవి. వాటి వేళ్లు ఎంతో లోతుకు దిగి అడుగు తేమను పీల్చివేస్తాయి. అడుగుమట్టి ఎండి భూగర్భజలం దిగిపోతుంది. తరువాతి ఏడు పెట్టిన నీరు పైనున్న ఉప్పును కిందికి కడిగివేస్తుంది. పైసా ఖర్చు లేని వైద్యం. కాని దానికి ఒక షరతు వుంది: చేతిలోని భూమిలో సగం ఎప్పుడూ ఖాళీగా వుండాలి. జనం పలచగా వున్నంతకాలం ఈ షరతు ఎవరికీ బరువు కాదు.

హి.శ. 16లో (క్రీ.శ. 637) మదాయిన్ ముస్లిముల వశమయిన తరువాత సవాద్ భూములను ఏం చేయాలన్న చర్చ వచ్చింది. యోధులకు పంచివేయాలని కొందరు పట్టుబట్టారు. హజ్రత్ ఉమర్ (రజి) అందుకు ఒప్పుకోలేదు. ఇప్పుడే పంచేస్తే తరువాత రాబోయే వారికి ఏం మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. అల్-హష్ర్ సూరాలోని ఆయతులను ఆధారం చేసుకుని ఆయన తన నిర్ణయాన్ని నెగ్గించుకున్నారు. భూమి దున్నేవారి చేతిలోనే నిలిచింది; దానిపై ఖరాజ్ విధించారు. ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) కొలిపించగా 3 కోట్ల 60 లక్షల జరీబులు తేలిందని బలాజురీ రాశారు. నేటి కొలతలో అది దాదాపు 1 కోటి 40 లక్షల ఎకరాలు. ఇంత నేల ఒకే ఏడు సాగయ్యేదని ఎవరూ నమ్మనక్కరలేదు. విశ్రాంతిలో వున్న బీళ్లు కూడా ఆ లెక్కలో కలిసి వుండాలి. ఖాజీ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో పేర్కొన్న ఉల్లేఖనం దీనిని బలపరుస్తుంది. నీరు చేరే ప్రతి జరీబు మీద, సాగులో వున్నా లేకున్నా, ఒక దిర్హమ్, ఒక ఖఫీజ్ ధాన్యం పన్ను అని అందులో వుంది. పన్ను తేలికగా వున్న రోజుల్లో దీనివల్ల బాధ లేదు. పన్ను బరువెక్కిన నాడు మాత్రం బీడు వదిలిన రైతు ఖాళీ నేలకు కూడా కట్టవలసి వచ్చేది.

ఆ తరువాతి నూటముప్ఫయి ఏళ్లలో ఇరాఖ్ రూపమే మారిపోయింది. బస్రా, కూఫా సైనిక శిబిరాలుగా మొదలై పెద్ద నగరాలయ్యాయి. సైనికుల కుటుంబాలు, వర్తకులు, పల్లెలు వదిలిన రైతులు వాటిలో నిండారు. ఉమయ్యాల గవర్నరు హజ్జాజ్ నాటికి పల్లె ఖాళీ కావడం ప్రభుత్వానికే సమస్య అయింది. నగరాలకు చేరిన రైతులను అతడు బలవంతంగా ఊళ్లకు పంపాడు. దున్నే ఎడ్లు కరువైనందున గొడ్లను కోయరాదని ఆజ్ఞాపించాడని కూడా చరిత్రకారులు చెబుతారు. హజ్జాజ్ కాఠిన్యం గురించి ఎందరో రాశారు. ఆ కాఠిన్యం వెనుక తినేవారు పెరుగుతూ, పండించేవారు తరుగుతూ వున్న ఒక దేశపు గాబరా వున్న సంగతి అంతగా గమనించలేదు.

హి.శ. 145లో (క్రీ.శ. 762) ఖలీఫా మన్సూర్ బగ్దాద్ కు పునాది వేయడంతో ఈ వేగం ఎన్నో రెట్లయింది. ఫురాత్ నుంచి దజ్లాకు అడ్డంగా పారే నహర్ ఈసా మొదలైన కాలువలు పొలాలకు నీరిస్తూనే నగరానికి పడవల దారులయ్యాయి. బగ్దాద్ జనాభా ఎంతన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. 3 లక్షలన్నవారూ వున్నారు, 10 లక్షలు దాటిందన్నవారూ వున్నారు. నగరంలో అరవై వేల హమాములు వుండేవని ఖతీబ్ బగ్దాదీ గ్రంథంలో కనిపిస్తుంది. ఇది తన ఊరి మీది ప్రేమతో చెప్పిన మాట అనుకోవాలి. ఎంత తగ్గించి లెక్కించినా, చైనా వెలుపల ఆనాడు అంతటి నగరం మరొకటి లేదు. దానికి కావలసిన ధాన్యంలో కొంత ఎగువన మోసుల్, రఖ్ఖా వైపు నుంచి పడవల మీద వచ్చేది. కాని కూరగాయలు, పండ్లు, మేత, ఖర్జూరం, ధాన్యంలో పెద్ద భాగం చుట్టుపట్ల సవాద్ నుంచే రావాలి.

దజ్లాకు తూర్పున వున్న నహ్రవాన్ కాలువ కథ ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. సామర్రా ఎగువన దజ్లా నుంచి బయలుదేరి దియాలా నదిని కలుపుకుంటూ సుమారు 300 కిలోమీటర్లు సాగిన కాలువ అది. దాని మూలాలు సాసానీ చక్రవర్తుల కాలంనాటివి. అబ్బాసీలు దానిని బాగుచేయించి నిలబెట్టారు. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆడమ్స్ 1957-58లో ఈ ప్రాంతాన్ని కాలినడకన, జీపు మీద గాలించి, దిబ్బల మీది పెంకుల ఆధారంగా ఏ ఊరు ఏ కాలంలో వుండేదో పటాలు గీశారు. 1965లో అచ్చయిన ఆయన గ్రంథం ఒక ముఖ్య విషయాన్ని బయటపెట్టింది. సాసానీల చివరి రోజులకే ఆ పరీవాహక ప్రాంతంలో దున్నదగిన నేల దాదాపు అంతా దున్నబడింది. దియాలా నీరు ఒక్కటే అంత సాగుకు చాలదు. అందుకే దజ్లా నుంచి అంత పొడవైన కాలువ అవసరమైంది. అంటే అబ్బాసీలకు వారసత్వంగా దక్కింది కొత్త నేల కాదు, అప్పటికే చివరి అంచు దాకా సాగదీసిన ఏర్పాటు.

చిన్న కాలువకు పూడిక వస్తే ఊరివారు నాలుగు రోజులు పార పట్టి తీసేస్తారు. నహ్రవాన్ వంటి కాలువకు పూడిక వస్తే, కట్ట తెగితే, ఖజానా కదలాలి. దజ్లా, ఫురాత్ ల నుంచి తీసిన పెద్ద కాలువల ఖర్చు బైతుల్ మాల్ భరించాలని, పొలాలకు చేరే పిల్లకాలువల ఖర్చు వాటి వల్ల లాభపడేవారు భరించాలని అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ రషీద్ కు స్పష్టంగా రాశారు. ఈ విభజన న్యాయమైనదే. అయితే దీని మరో ముఖం కూడా చూడాలి. జనం పెరిగి నేల చాలక సాగు ఎంత దూరం విస్తరించిందో, రైతు బతుకు రాజధానిలోని ప్రభుత్వపు ఆరోగ్యం మీద అంతగా ఆధారపడింది. అదే గ్రంథంలో అబూ యూసుఫ్ మరొక మాట కూడా నమోదు చేశారు: పూర్వం సాగైన భూములలో నూరేళ్లుగా బీడు పడి వున్నవి ఎన్నో వున్నాయని, పాత కొలతల ప్రకారం పన్ను గుంజడం అన్యాయమని. హారూన్ రషీద్ కాలాన్ని స్వర్ణయుగమంటారు. ఆ స్వర్ణయుగంలోనే ప్రధాన న్యాయమూర్తి నోట వచ్చిన మాట ఇది.

ఇదే కాలంలో వరి, చెరకు, పత్తి వంటి పైర్లు ఇరాఖ్ లో వ్యాపించాయి. ఇవి వేసవిలో నీరు తాగే పంటలు. పెరిగిన నగరాల అవసరాలు తీరాయి, రైతుకు రొక్కం దొరికింది. కాని ఏడాది పొడుగునా తడి వున్న నేలకు ఆరే గడువు తగ్గింది. ముళ్లకంపలకు వదిలిన సంవత్సరం క్రమంగా పంటకు దక్కింది. ఆపై హి.శ. 221 నుంచి 279 వరకు (క్రీ.శ. 836-892) రాజధాని సామర్రాకు మారి, నది వెంట దాదాపు 50 కిలోమీటర్ల పొడవున కొత్త నగరం లేచింది. ఖలీఫా ముతవక్కిల్ దానికి ఉత్తరాన మరో నగరం కట్టి, దానికి నీటికోసం తవ్వించిన కాలువ పారనే లేదు. హి.శ. 247లో ఆయన హత్యతో ఆ నగరమూ ఖాళీ అయింది.

చౌడు ఎంత దూరం పాకిందో తెలియజేసే సాక్ష్యం బస్రా పరిసరాలలో వుంది. అక్కడి భూస్వాములు తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను వందల, వేల సంఖ్యలో గుంపులు చేసి నేలమీది ఉప్పుపొరను గీకి కుప్పలు పోయించేవారు. కింది మట్టి బయటపడితే సాగు చేయవచ్చునని వారి ఆశ. హి.శ. 255లో (క్రీ.శ. 869) ఆ బానిసలు తిరగబడ్డారు. జంజ్ తిరుగుబాటుగా ప్రసిద్ధమైన ఆ యుద్ధం పధ్నాలుగేళ్లు సాగింది. 871లో బస్రా దోపిడీకి గురయింది. తబరీ ఈ ఘట్టాన్ని సుదీర్ఘంగా వర్ణించారు. తిరుగుబాటు నాయకుని మాటల్లోని నిజానిజాల మీద చర్చించేవారు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఉప్పు గీకడానికి అంతమంది మనుషులు ఎందుకు కావలసి వచ్చారు?

తరువాతి పతనం వేగంగా జరిగింది. హి.శ. 326లో (క్రీ.శ. 937) అమీరుల్ ఉమరా ఇబ్ను రాయిఖ్, తన ప్రత్యర్థి బజ్కమ్ సేనను ఆపడానికి నహ్రవాన్ కట్ట తెగగొట్టించాడు. శత్రువు ఆగలేదు. నీరు మాత్రం పోయింది. 945లో వచ్చిన బువైహీలు జీతాలకు బదులు భూములను ఇఖ్తాలుగా సైన్యాధికారులకు ఇచ్చారు. ఆ అధికారులు తమకు దక్కిన భూమిని పిండి, పాడయ్యాక దానిని వదిలి మరొకటి అడిగి తీసుకునేవారని, కాలువల మరమ్మతు ఎవరికీ పట్టలేదని మస్కవైహ్ ఆవేదనతో రాశారు. అదే బువైహీ అమీరు ముయిజ్జుద్దౌలా స్వయంగా మట్టి మోసి బగ్దాద్ సమీపంలోని గండ్లు పూడ్పించాడని, వెంటనే రొట్టె చవకయిందని కూడా ఆయనే రాశారు. సెల్జూకుల కాలంలో నహ్రవాన్ ను తిరిగి పారించే యత్నాలు జరిగాయి గాని పన్నెండవ శతాబ్ది మధ్యనాటికి అది పూర్తిగా వదిలివేయబడింది.

ఖరాజ్ లెక్కలు కూడా ఈ దిశనే చూపుతాయి. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సవాద్ ఆదాయం 10 కోట్ల దిర్హములకు పైబడినట్లు చెబుతారు. పదవ శతాబ్ది ఆరంభంలో వజీరు అలీ బిన్ ఈసా తయారు చేయించిన జమాఖర్చులో సవాద్ వాటా సుమారు 15 లక్షల దీనార్లు, అంటే రెండు మూడు కోట్ల దిర్హములు. అయితే పన్ను తగ్గినంత మాత్రాన పంట అంతే తగ్గిందని అనరాదు. ఎన్నో భూములు ఖలీఫా కుటుంబ ఆస్తులలోకీ, పలుకుబడి గలవారి చేతుల్లోకీ జారిపోయి లెక్కకు అందకుండా పోయాయి. అలాగే చౌడు వాదం మీద కూడా అభ్యంతరాలున్నాయి. జాకబ్సన్, ఆడమ్స్ 1958లో ప్రాచీన ఇరాఖ్ లో గోధుమ పోయి బార్లీ మిగలడానికి ఉప్పే కారణమని వాదించగా, 1985లో పావెల్ ఆ ఆధారాలు చాలవని తోసిపుచ్చారు. మట్టి పలకల కాలం గురించిన ఆ వివాదం ఎటు తేలినా, అబ్బాసీ కాలపు సాక్ష్యం తబరీలోనూ అబూ యూసుఫ్ లోనూ విడిగా నిలిచే వుంది. ఆ కాలంలోనే ఇరాఖ్ లో రచితమైన ‘అల్-ఫిలాహతున్ నబతియ్యా’ అనే వ్యవసాయ గ్రంథంలో ఉప్పు నేలలను బాగుచేసే పద్ధతులు చర్చకు వచ్చాయి. జబ్బు లేని ఊళ్లో మందుల గురించి ఎవరూ రాయరు.

కాబట్టి జనసంఖ్యే సవాద్ ను చంపిందనడం ఎంత తప్పో, దానికి సంబంధమే లేదనడమూ అంతే తప్పు. లక్షల మంది చేరిన నగరాలు నేల విశ్రాంతిని తినివేశాయి. విశ్రాంతి లేని నేలకు నిరంతర సేవ అవసరమైంది. ఆ సేవ చేయవలసిన ప్రభుత్వం కుర్చీల కోసం కట్టలు తెంచుకుంది. పలచని జనంతో, సగం బీడుతో వున్న పాత సవాద్ అటువంటి పాలకులను ఎందరినో తట్టుకుని బతికింది. కిక్కిరిసిన సవాద్ తట్టుకోలేకపోయింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఇరాఖ్ జనాభా మళ్లీ వేగంగా పెరిగింది. 1957 జనగణనలో సుమారు 63 లక్షలున్న జనం 2024 జనగణన నాటికి 4 కోట్ల 61 లక్షలయ్యారు. సేద్యం పాత కాలువల దారులకు తిరిగి వచ్చింది, చౌడూ తిరిగి వచ్చింది. ఈసారి మందుగా ముళ్లకంపలకు బదులు మురుగు కాలువను ఎంచుకున్నారు. 1953లో మొదలై 1992 డిసెంబరులో పూర్తయిన ఆ కాలువ పొడవు 565 కిలోమీటర్లు. దజ్లా, ఫురాత్ ల నడుమ సాగే దీనికి జనం పెట్టుకున్న పేరు మూడవ నది. దాని పని పొలాలు కడిగిన ఉప్పునీటిని సముద్రానికి చేర్చడం.