బ్రెయిలీ డిస్‌ప్లే: పాతదాని స్థానంలో కొత్తది ఎంచుకోవడం

బ్రెయిలీ డిస్‌ప్లే అంటే కంప్యూటర్ లేదా ఫోన్ తెరమీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా మార్చి, ఒక వరుసలో అందించే యంత్రం. ఆ వరుస చదివి మీట నొక్కితే చుక్కలు దిగిపోయి, తరువాతి వరుస చుక్కలు పైకి లేస్తాయి. కాగితంతో పని లేదు. ఒక్కో బ్రెయిలీ గుర్తుకు ఒక్కో గడి ఉంటుంది. వాడేవాళ్లు దాన్ని సెల్ అంటారు. మార్కెట్లో 14, 20, 32, 40, 80 గడుల యంత్రాలు దొరుకుతాయి. యూరప్‌లో 1970లలో మొదలైన ఈ పరికరం చాలాకాలం కొద్దిమందికే అందింది. ఇప్పటికీ ధర సామాన్యులకు భారమే. అందుకే పాడైన డిస్‌ప్లే స్థానంలో మరొకటి కొనేటప్పుడు తప్పు చేస్తే దిద్దుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

పాతది పోగానే అదే కంపెనీది, అన్నే గడులది తెచ్చుకోవాలనిపిస్తుంది. చేతి అలవాటు అటువంటిది. కానీ విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతంలో తెలుగు చదివే వ్యక్తికి కంపెనీ పేరుకన్నా, గడుల సంఖ్యకన్నా ముందు చూడాల్సినవి మూడున్నాయి: తెలుగు వరుస వేళ్ల కింద ఎలా పరుచుకుంటుంది, కరెంటు లేని రోజుల్లో యంత్రం ఎంతసేపు నిలుస్తుంది, చెడితే ఎక్కడ బాగుచేస్తారు.

పనితీరు, ధర

లూయీ బ్రెయిలీ (1809–1852) రూపొందించిన లిపిలో గడికి ఆరు చుక్కలు. డిస్‌ప్లేలో గడికి ఎనిమిది. కింది రెండు చుక్కలు కర్సర్ ఎక్కడుందో, ఏ భాగం ఎంపికైందో చెప్పడానికి పనికొస్తాయి. ఎక్కువ యంత్రాల్లో ఒక్కో పిన్నుకు ఒక్కో పీజో సిరామిక్ పట్టీ ఉంటుంది. సుమారు 200 వోల్టుల ఒత్తిడి తగిలితే పట్టీ వంగి పిన్నును పైకి లేపుతుంది. 40 గడుల యంత్రమంటే 320 పిన్నులు, 320 పట్టీలు. ఖరీదు అక్కడే ఉంది. పేరున్న 40 గడుల యంత్రం మూడు వేల డాలర్లకు అటూ ఇటూ పలుకుతుంది. మన ఊరికి చేరేసరికి పన్నులు, రవాణా, డీలరు లాభం కలిసి రెండు లక్షల రూపాయలు దాటడం మామూలే.

ఈ ఖర్చు తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల్లో మన దేశానివి కూడా ఉన్నాయి. ఐఐటీ దిల్లీ బృందం వేడి తగిలితే మునుపటి ఆకారానికి తిరిగివచ్చే మిశ్రమలోహంతో పిన్నులను కదిలించే పద్ధతిపై పనిచేసింది. ఆ సంస్థ భాగస్వాములతో కలిసి రూపొందించిన డాట్‌బుక్ 2019 ఫిబ్రవరిలో విడుదలైంది. అది డిస్‌ప్లే, ల్యాప్‌టాప్ రెండూ కలిసిన పరికరం. ముంబైకి చెందిన ఇన్నోవిజన్ తన 20 గడుల బ్రెయిలీ మీలో అయస్కాంత పద్ధతిని వాడింది. పలు దేశాల అంధుల సంస్థలు కలిసి పెట్టుబడి పెట్టగా వచ్చిన ఆర్బిట్ రీడర్ 20 అమెరికాలో మొదట 449 డాలర్లకు అమ్ముడైంది. దాని చుక్కలు గట్టిగా, స్పష్టంగా ఉంటాయి. అయితే వరుస మారేటప్పుడు కొంత చప్పుడు చేస్తుంది, తరగతి గదిలో అది పక్కవాళ్లకూ వినిపిస్తుంది. పైగా గడుల పైన ఉండాల్సిన కర్సర్ మీటలు దానికి లేవు. కథలు, పాఠాలు చదువుకునే వ్యక్తికి ఇది లోటే కాదు. రోజంతా ఉత్తరాలు దిద్దే గుమస్తాకు మాత్రం పెద్ద లోటు, ఎందుకంటే తప్పున్న అక్షరం దగ్గరకు కర్సర్‌ను ఒక్క నొక్కుతో తేవడం ఆ మీటలతోనే సాధ్యం.

తెలుగు వరుస ఎంత పొడవు

భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో అంగీకరించిన భారతి బ్రెయిలీలో తెలుగు అక్షరం ముక్కలుగా విడిపోతుంది. హల్లుకు ఒక గడి, దాని గుణింతపు అచ్చుకు మరో గడి, సున్నాకు ఒకటి. ఒత్తు వస్తే ముందు హలంత గుర్తు (4వ చుక్క), ఆ తరువాత రెండు హల్లులు వరుసగా వస్తాయి. క్ష, జ్ఞలకు మాత్రం సొంత గుర్తులున్నాయి. ఈ లెక్కన ‘విజయనగరం’ అచ్చులో ఆరు అక్షరాలు, బ్రెయిలీలో ఎనిమిది గడులు. ‘శ్రీకాకుళం’ అచ్చులో నాలుగే, బ్రెయిలీలో పది. ‘కన్యాశుల్కం’ నాలుగు అక్షరాలకు పదకొండు గడులు తీసుకుంటుంది.

‘విజయనగరం శ్రీకాకుళం’ అని రాస్తే మధ్య ఖాళీతో కలిపి 19 గడులు. 20 గడుల డిస్‌ప్లేలో రెండు ఊర్ల పేర్లతోనే వరుస నిండిపోతుంది. 14 గడులదైతే మొదటి ఊరు ఒక వరుస, రెండోది మరో వరుస. ‘జిల్లాలు’ అనే మాట చేరిస్తే 28 అవుతుంది, అప్పుడు 32 గడులది కావాలి. ఇంగ్లిష్ బ్రెయిలీలో మాటలను కుదించి రాసే పద్ధతి బాగా వాడుకలో ఉంది కాబట్టి అక్కడి పాఠకుడు 20 గడుల యంత్రంతో తృప్తి పడగలడు. తెలుగు పుస్తకాలు మాత్రం ప్రధానంగా కుదింపు లేని రూపంలోనే వస్తాయి. విదేశీ వాడుకరుల అభిప్రాయాలు విని గడుల సంఖ్య నిర్ణయించుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

అలాగని అందరికీ 40 గడులు అవసరమని కాదు. 40 గడుల వరుస ఒక్కటే సుమారు పాతిక సెంటీమీటర్ల పొడవుంటుంది. పార్వతీపురం నుంచి బస్సులో నిలబడి రోజూ కాలేజీకి వచ్చే విద్యార్థి సంచిలో దానికన్నా 20 గడులదే భద్రంగా ఉంటుంది. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకే చోట కూర్చుని పనిచేసేవారికి 40 తీసుకోవడమే మేలు.

డిస్‌ప్లే ఎందుకు, ఫోన్ చదివి వినిపిస్తుందిగా అని కళ్లున్నవాళ్లు అడుగుతుంటారు. కంప్యూటరు గొంతులో ల, ళల తేడా చాలాసార్లు చెవికి అందదు. శ, ష, సలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో పాత్రలు మాట్లాడినట్టే రాసిన మాటలను ఆ గొంతు తనకు తోచినట్టు పలికేస్తుంది. అక్షరం ఎలా ఉందో వేలికే తెలుస్తుంది. వినికిడి కూడా లేనివారికి ఈ ఒక్క వరుసే కంప్యూటరుకు, ఫోనుకు దారి.

పట్టికలు, ఫైళ్లు

కంప్యూటరుకు తగిలించి వాడితే తెలుగును బ్రెయిలీగా మార్చే పని తెరను చదివే సాఫ్ట్‌వేర్‌ది, అంటే స్క్రీన్‌రీడర్‌ది. 2006లో మొదలై ఉచితంగా దొరుకుతున్న ఎన్‌వీడీఏ ఇందుకు ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే లిబ్‌లూయీ అనే ఉచిత పట్టికల సంపుటిని వాడుతుంది. అందులో తెలుగు పట్టిక ఉంది. ఒంటరిగా, అంటే ఏ ఫోనూ కంప్యూటరూ లేకుండా మెమరీ కార్డులోంచి చదివే యంత్రంలో తెలుగు పట్టిక ఉండొచ్చు, లేకపోవచ్చు. అమ్మే వ్యక్తి ‘అన్ని భాషలూ ఉన్నాయి’ అనడం సరిపోదు. తెలుగు యూనికోడ్ ఫైలు ఒకటి కార్డులో వేసి అక్కడే తెరిచి చూడాలి. పట్టిక లేకున్నా ముందే బ్రెయిలీగా మార్చిన బీఆర్‌ఎఫ్ ఫైళ్లు చక్కగా తెరుచుకుంటాయి. పుస్తకాలు మాత్రమే చదివేవారికి అది చాలు. కేంద్ర ప్రభుత్వం, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా, టీసీఎస్ కలిసి 2016 ఆగస్టు 24న ప్రారంభించిన సుగమ్య పుస్తకాలయం ఇలాంటివారికి ఆన్‌లైన్ గ్రంథాలయం.

యంత్రం మీటలతో తెలుగు టైపు చేయడం వేరే పరీక్ష. చుక్కలను తిరిగి అక్షరాలుగా మార్చేటప్పుడు ఒత్తులు, సున్నాలు తారుమారు కావొచ్చు. ‘విద్యార్థి’, ‘శ్రీకాకుళం’ లాంటి నాలుగు మాటలు కొట్టి, తెరమీద ఎలా పడ్డాయో కళ్లున్నవారితో చూపించుకోవాలి.

ఎంత ఖరీదు పెట్టినా తీరని చిక్కు ఒకటుంది. అను ఫాంట్లలాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు యూనికోడ్ కావు. కంప్యూటరుకు అవి ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం, వేలికి కూడా అంతే. స్కాన్ చేసిన ఉత్తర్వులు కూడా వేలికి అందవు. అలాంటి ఫైళ్లనే చదవలేక ‘పాత యంత్రం పాడైంది’ అనుకునేవారూ ఉంటారు. కొత్తది కొనేముందు మంచి యూనికోడ్ ఫైలుతో పాతదాన్ని ఒకసారి పరీక్షిస్తే డబ్బు మిగలవచ్చు.

గాలి, కరెంటు, రిపేరు

పీజో గడులకు తేమ పడదు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న తీరంలో ఉప్పుగాలి, చెమట, ధూళి కలిసి పిన్నుల సందుల్లో పేరుకుంటాయి. కొన్ని చుక్కలు లేవకపోవడం, లేచినా వేలు తగలగానే కుంగిపోవడం దీని మొదటి లక్షణం. అంతమాత్రాన యంత్రం చచ్చినట్టు కాదు. చాలా నమూనాల్లో గడులు విడివిడి ముక్కలు. శుభ్రం చేయించినా, నాలుగైదు గడులు మార్పించినా మళ్లీ పనిచేస్తుంది. ప్రధాన బోర్డు పోయినప్పుడో, ఆ నమూనాకు విడిభాగాలు ఆగిపోయినప్పుడో, సగానికి పైగా గడులు బలహీనపడినప్పుడో మార్పిడి సబబు. చేతులు కడిగి తుడుచుకున్నాకే డిస్‌ప్లే ముట్టడం, వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో సంచిలో ఉంచడం ఆయుష్షు పెంచే పనులు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటింది. తిత్లీ తరువాత ఆ చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఫోన్ మీద పూర్తిగా ఆధారపడే డిస్‌ప్లేకన్నా, మెమరీ కార్డులోంచి సొంతంగా చదివేది, పవర్‌బ్యాంకుతో చార్జి అయ్యేది నయం. బ్యాటరీ మనమే తీసి వేసుకోగలమా లేదా అన్నది కంపెనీ కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉండే విషయం. ఇక్కడ మాత్రం దాన్నే ముందు అడగాలి. లిథియం బ్యాటరీలు యంత్రంకన్నా ముందే ముసలివవుతాయి, బ్యాటరీ కోసం మొత్తం యంత్రాన్ని చెన్నైకో దిల్లీకో పంపడమంటే వారాల తరబడి చదువు ఆగినట్టే. విదేశానికి పంపాల్సి వస్తే కస్టమ్స్ కాగితాలు అదనపు తలనొప్పి. వారంటీ ఎన్నేళ్లు అన్నదానికన్నా, రిపేరు దేశంలోనే జరుగుతుందా, ఆ లోపల వాడుకోవడానికి మరో యంత్రం ఇస్తారా అన్న ప్రశ్నలే విలువైనవి.

జత కుదరడం

పాత యంత్రాలు ఒక్కోటి ఒక్కో డ్రైవరు అడిగేవి. విండోస్ మారితే డ్రైవరు పనికిరాక, మంచి యంత్రాలూ అటకెక్కేవి. 2018 మేలో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ బ్రెయిలీ డిస్‌ప్లేలకు వేరే డ్రైవరు అక్కర్లేకుండా చేసే ఉమ్మడి హెచ్‌ఐడీ ప్రమాణం ప్రకటించింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్, గూగుల్ అందులో పాలుపంచుకున్నాయి. ఇప్పుడు కొనేదానికి ఈ ప్రమాణం ఉండి తీరాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ స్క్రీన్‌రీడర్ టాక్‌బ్యాక్‌లోనే డిస్‌ప్లే సౌకర్యం కలిసి వస్తోంది, హెచ్‌ఐడీ యంత్రాలకు మాత్రం ఆండ్రాయిడ్ 15 కావాలి. ఫోన్ పాతదైతే కొత్త డిస్‌ప్లే దానితో మాట్లాడకపోవచ్చు. కొనబోయే డిస్‌ప్లేను సొంత ఫోన్‌తో జతచేసి చూడనిదే డబ్బు కట్టకూడదు.

సంగీత విద్యార్థి

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. చాగంటి జోగారావు అనే ఆయన కుమారుడు, అంధుడైన గంగబాబు సంగీతం నేర్చుకోవాలన్న కోరికే దాని పుట్టుకకు కారణమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఆ తరువాత ఆ పదవిలోకి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడికి చూపు మందం. ఆ రోజుల్లో అంధ విద్యార్థికి గురువు నోటినుంచి వినడమే పాఠం. స్వరసాహిత్యాన్ని బ్రెయిలీలో చదవగలగడం ఇప్పటి సౌకర్యం. ఫోన్ గొంతు స్వరాలను తాళం లేకుండా గబగబా అప్పచెబుతుంది, పైగా పాడేవారి గొంతుకు అడ్డు వస్తుంది.

స్వరానికి ఒక్క గడి చొప్పున, గుణింతం వదిలేసి రాసుకుంటే ఆదితాళంలో అక్షరానికి నాలుగు స్వరాల వేగంలో ఒక ఆవర్తనం 32 గడులు. 40 గడుల డిస్‌ప్లేలో అది ఒకే వరుసలో వచ్చి, తాళపు గీతలకు, స్థాయి గుర్తులకు ఎనిమిది గడులు మిగులుతాయి. 20 గడులది ఉన్నవారు లఘువు ఒక వరుసగా, రెండు ద్రుతాలు మరో వరుసగా విడగొట్టుకుంటే ఒక్కో వరుసకు 16 స్వరాలే. కుడిచేత్తో తాళం వేస్తూ ఎడమచేత్తో చదవవచ్చు. ఎడమచేతి చదువు కొత్తవారికి కష్టమే, సాధన కావాలి. గాత్రానికి ఇది కుదురుతుంది. వయొలిన్ వాయించేవారికి రెండు చేతులూ తీరికగా ఉండవు, వాళ్లు ముందు చదివి కంఠస్థం చేసుకోవాల్సిందే. పలు వరుసలు ఒకేసారి చూపే యంత్రాలూ వచ్చాయి. బ్రిస్టల్ బ్రెయిలీ సంస్థ కాన్యూట్‌లో 40 గడుల వరుసలు తొమ్మిది. మోనార్క్ అనే మరో యంత్రంలో 32 గడుల వరుసలు పది, పటాలు కూడా తాకి చూడవచ్చు. కృతి మొత్తం వేళ్ల కింద ఉండటం ఎవరికైనా ఊరించే విషయమే. మోనార్క్ ధర మాత్రం మామూలు డిస్‌ప్లేకు చాలా రెట్లు.

సాయం

2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం (2016) నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా తగిన సహాయక పరికరాలను ఉచితంగా ఇవ్వాలంటుంది. పెద్దలకైనా పిల్లలకైనా సహాయక పరికరాలకు సాయమిచ్చే కేంద్ర ఏడీఐపీ పథకం (1981) మరో దారి. దానికి సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉండాలి. మార్పిడి కోరేవారు గుర్తుంచుకోవాల్సిన నిబంధన ఒకటుంది: గత మూడేళ్లలో అదే అవసరానికి సాయం పొంది ఉండకూడదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఆ గడువు ఒక ఏడాదే. పథకం మొత్తాలు 40 గడుల యంత్రానికి చాలవు. అందువల్ల కొందరు ప్రభుత్వ సాయానికి ఉద్యోగమిచ్చిన సంస్థ వాటా లేదా దాతల సొమ్ము కలుపుకుంటారు. అలా కొన్నప్పుడు బిల్లు, వారంటీ వాడేవారి పేరుమీదే ఉండాలి. దాత పేరుమీద ఉంటే రిపేరు రోజున ఆయన్ను వెతుక్కోవాలి.

కొత్తది రాగానే పాతదాన్ని పాత సామానుకు వేయనక్కర్లేదు. ముందుగా అందులోని కార్డు, రాసుకున్న ఫైళ్లు తీసి దాచుకోవాలి. పనిచేసే గడులు అదే నమూనా వాడే మరొకరి యంత్రానికి పనికొస్తాయి. సగం గడులే బాగున్నా, బ్రెయిలీ అప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడికి మొదట్లో ఆరు గడులు చాలు.