భాగోతం అనే మాట

లాటిన్‌లో ‘పెర్సోనా’ అంటే నటుడు తొడుక్కునే బొమ్మముఖం. తొడుక్కున్నవాడు మగవాడైనా వ్యాకరణంలో ఆ మాట స్త్రీలింగమే. పోనుపోను అది పాత్ర అయింది, మనిషి అయింది, వ్యాకరణంలో ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలకు పేరయింది. ఇంగ్లీషు ‘పర్సన్’ దాని సంతానమే. మాటకు గౌరవం దక్కింది. నటుణ్ణి మాత్రం రోమన్ చట్టం పరువులేనివాడిగానే చూసింది.

మన దగ్గర మాటే దిగజారింది. ‘భాగవతం’లో ‘అవ’ ‘ఓ’ అయి భాగోతమైంది, ‘లవణం’ ప్రాకృతంలో ‘లోణం’ అయినట్టే. అది జనం నోటి వ్యాకరణం, తప్పేమీ లేదు. కాని మామిడిపల్లిలో నా విద్యార్థులకు తెలిసిన అర్థం ఒక్కటే: ‘వాడి భాగోతం బయటపడింది’.

దీన్ని అర్థాపకర్ష అని భాషాశాస్త్రం సరిపెడుతుంది. ఆడిందెవరో అడగదు. కూచిపూడి బ్రాహ్మణులూ భాగవతులే. 20వ శతాబ్దంలో వారి ఆట ‘శాస్త్రీయ నృత్యం’ అయింది. మాదిగల ఆశ్రితులైన చిందువారికి మిగిలింది భాగోతం. కులాన్ని చిన్నచూపు చూసిన నోరే ఆట పేరునూ తిట్టు చేసిందని నా అభిప్రాయం.

సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు డబ్బుకోసం స్త్రీలను హింసించిన తీరును భాగవతులు విజయనగర రాజు ఎదుట వేషం కట్టి చూపారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. 1502 ప్రాంతపు సంగతి. అక్కడ గుట్టు గురవరాజుది, భాగోతం ఆడినవాళ్ళది. నేటి వాడుక ఆ రెంటినీ కలిపేసింది.

2005లో కన్నుమూసిన నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ బతుకంతా ఆడింది ఈ భాగోతమే.