ఎనిమిది కాని ఎనిమిది

పాథాలజీ ల్యాబుల్లో వాడే ఒక యాంటీబాడీకి ‘ఫ్యాక్టర్ 8 రిలేటెడ్ యాంటిజెన్’ అన్న పేరుంది. అది హీమోఫీలియా–ఎ రోగుల్లో కొరవడే, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్‌ని పట్టుకుంటుందనుకుంటారు. కాదు. పట్టుకునేది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ని.

ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ ఫిన్లాండ్ వైద్యుడు. ఓలాండ్ దీవుల్లోని ఒక కుటుంబంలో ఆడా మగా తేడా లేకుండా వస్తున్న రక్తస్రావపు జబ్బు గురించి 1926లో రాశారు. ఆ జబ్బులో కొరవడేదే ఆయన పేరు పెట్టుకున్న ఈ ఫ్యాక్టర్. మరి యాంటీబాడీ పేరులో ఈ ఎనిమిది ఎక్కడిది? ఎనిమిదో ఫ్యాక్టర్, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ఈ రెండు ప్రొటీన్లూ రక్తంలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే తిరుగుతాయి. ఒకదాన్ని వేరుచేయబోతే రెండోదీ వెంట వస్తుంది. జిమ్మర్‌మన్, రాట్నాఫ్, పావెల్ అనే పరిశోధకులు ఫ్యాక్టర్ 8 అనుకున్న పదార్థాన్ని కుందేళ్లకు ఎక్కించి యాంటీబాడీ తయారుచేశారు. 1971లో వాళ్లు ప్రకటించిన ఫలితం విచిత్రం: ఆ యాంటీబాడీ పట్టుకునే పదార్థం హీమోఫీలియా రోగుల్లో మామూలుగానే ఉంది, తగ్గింది వాన్ విల్లెబ్రాండ్ జబ్బున్నవారిలో! అలా ‘రిలేటెడ్’ చేరింది. ఏదో ఒక చుట్టరికం కలిపేసి గడుపుకున్న పేరు, నన్నడిగితే.

1980లలో జన్యువులు దొరికాయి. ఎనిమిదిది ఎక్స్ క్రోమోజోములో, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ది 12వ దానిలో. అయినా పాత పేరు పూర్తిగా పోలేదు. రక్తనాళాల లోపలి పొర కణాలు వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ని తయారుచేస్తాయి కనుక, కణితి ఆ కణాల నుంచి పుట్టిందా అని తేల్చడానికి ఈ యాంటీబాడీ వాడతారు. బయాప్సీ రిపోర్టులో ‘ఫ్యాక్టర్ 8’ పాజిటివ్ అని కనిపిస్తే హీమోఫీలియా అని కంగారుపడకండి.